అందరి జేబులూ చూడాల్సిందే

వాషింగ్టన్ నుంచి ఆ ఉత్తర్వు వచ్చినప్పుడు నోర్‌డాల్ పట్టణ కౌన్సిల్లో అందరూ పడీపడీ నవ్వారు, ఒక్క వెర్నా టోలెఫ్సన్ తప్ప.

విమానాలను దారి మళ్లించి ఎత్తుకుపోవడం దేశంలో మరీ ఎక్కువైపోయింది. కాబట్టి ఈ ఫిబ్రవరి నుంచి విమానమెక్కే ప్రతి మనిషినీ, ప్రతి సంచినీ వెతకాలి. వెతికేచోట తుపాకీ కట్టుకున్న పోలీసు ఒకరు నిలబడాలి. ఆ పోలీసును సమకూర్చాల్సింది ఆ ఊరి వాళ్లే. న్యూయార్కుకీ అదే మాట, షికాగోకీ అదే మాట, ఉత్తర డకోటాలో గోధుమ పొలాల నడుమ మంచులో కూరుకుపోయిన నోర్‌డాల్‌కీ అదే మాట.

నోర్‌డాల్ విమానాశ్రయమంటే ఒక రేకుల షెడ్డు, ఒక రన్‌వే, పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి వచ్చిపోయే చిన్న ప్రొపెల్లర్ విమానం. టికెట్లు ఇచ్చేదీ, పెట్టెలు మోసేదీ, రన్‌వే మీదికి జింకలొస్తే చీపురు పట్టుకుని తరిమేదీ ఆర్లిస్ అనే ఒక్క మనిషే.

"ఇక్కడ విమానమెక్కే వాళ్లందరి నోళ్లూ నేను చూసినవే. ఇప్పుడు జేబులు కూడా చూడాలంటావా?" అన్నాడు మేయర్ క్నూట్ బ్రాటెన్. ఆయన పళ్ల డాక్టరు.

"ఎత్తుకుపోతే ఎక్కడికి ఎత్తుకుపోతారయ్యా? క్యూబాకా? మనవాళ్లకి మన రాష్ట్రంలోని ఫార్గో దాటితేనే ఇల్లు బెంగ పట్టుకుంటుంది!" అన్నాడు సెల్మర్ హౌగెన్. ట్రాక్టర్లు అమ్ముతాడు. ఎర్రటి మెడ, పెద్ద గొంతు. కౌన్సిల్లో ఏ విషయం వచ్చినా అతను ఒక పక్కా, వెర్నా ఇంకో పక్కా ఉంటారు. వీధి దీపాల దగ్గర్నుంచి కుక్కల లైసెన్సుల దాకా ఇద్దరూ పోట్లాడుకోని సంగతి లేదు.

వెర్నాది కూడా చిన్న గొంతేం కాదు. భర్త పోయాక ఊళ్లోని బౌలింగ్ హాలును, బంతి దొర్లించి చెక్క దిమ్మెలు పడగొట్టే ఆటశాలను, ఒంటిచేత్తో నడుపుతోంది. బంతులు దొర్లే చప్పుడూ, దిమ్మెలు పడే చప్పుడూ దాటి వినిపించేలా మాట్లాడీ మాట్లాడీ, మామూలు గదిలో కూడా ఆమె మాట గోడకు తగిలి వెనక్కి వస్తుంది. ఆ రోజు మాత్రం నెమ్మదిగా మాట్లాడింది.

"మా అక్క కూతురు లోయిస్ తెలుసుగా మీ అందరికీ. విమానంలో ఎయిర్ హోస్టెస్. పోయిన వేసవిలో దాని విమానాన్నే ఎత్తుకుపోయారు. ఎవరికీ ఏం కాలేదులెండి, తిరిగొచ్చింది. మా ఇంట్లో కూర్చుని ఆ కథంతా నవ్వుతూనే చెప్పింది. ఆ ఎత్తుకుపోయినవాడు దాని మెడ మీద తుపాకీ పెట్టి, మధ్యలో ఆకలేస్తోందని శాండ్‌విచ్ అడిగాట్ట. మేమూ నవ్వాం. కానీ అది చెబుతున్నంతసేపూ కాఫీ కప్పు సాసర్ మీద టకటకా కొట్టుకుంటూనే ఉంది. కప్పు కింద పెట్టవే అంటే, పెట్టేశాననుకున్నా పిన్నీ అంది."

వెర్నా అందరి మొహాలూ ఒకసారి చూసింది.

"మన దగ్గర ఎక్కినవాడు మినియాపోలిస్‌లో దిగి ఇంకో పెద్ద విమానం ఎక్కుతాడు. అక్కడ వెతకరు, నోర్‌డాల్‌లో వెతికే ఉంటారులే అనుకుంటారు. మనం నవ్వుకుంటూ కూర్చుంటే ఎలా?"

"అదంతా సరే. ఊరి మొత్తానికీ పోలీసులు ముగ్గురు. అందులో ఒకడికి నడుం నొప్పి. ఎవణ్ణి పంపుతావ్?" అన్నాడు సెల్మర్.

"పంపకపోతే విమానం రాదు. కోతల టైములో నీ ట్రాక్టర్ల సామాన్లు దేని మీద తెప్పిస్తావు సెల్మర్? పావురాల మీదా?"

ఈసారి అందరూ సెల్మర్‌ను చూసి నవ్వారు. అతని మెడ ఇంకా ఎర్రబడింది.

"అంత బాధగా ఉంటే ఆ తుపాకీ నువ్వే కట్టుకో!"

"కట్టుకుంటా," అంది వెర్నా.

అతను వేళాకోళానికి అన్నాడు. ఆమె వేళాకోళానికి అనలేదు. ఆ సంగతి అందరికీ అర్థమయ్యేసరికి మేయర్ చేతులెత్తమన్నాడు. సెల్మర్ చెయ్యి తప్ప అన్ని చేతులూ లేచాయి.

వెర్నా బౌలింగ్ హాలును పగటిపూట పనివాళ్లకు అప్పగించి, రాష్ట్ర రాజధాని బిస్మార్క్‌లో పోలీసు శిక్షణకు వెళ్లింది. శిక్షణకొచ్చిన వాళ్లలో ఆమే పెద్దది, ఆమె ఒక్కతే ఆడమనిషి. మొదటి రోజు ఆమె పేల్చిన గుళ్లన్నీ పక్కవాడి గురికి తగిలాయి. ఆ పక్కవాడికి మంచి మార్కులొచ్చాయి. ఎలాగైతేనేం, చివరికి పాసై వచ్చింది. మేయర్ తన ఆసుపత్రిలోనే, పళ్లు పీకే కుర్చీ పక్కన నిలబెట్టి, బైబిల్ మీద చెయ్యి వేయించి ప్రమాణం చేయించాడు. పోలీసు కోటు మగవాళ్ల కొలతది. దాని చేతులు పైకి మడుచుకుని, బెల్టు బిగించుకుని పనిలో దిగింది.

షెడ్డులో ఒక పొడుగాటి బల్ల వేశారు. ఆర్లిస్ సంచులు తెరుస్తుంది. వెర్నా చేతిలో ఒక పొట్టి కర్రలాంటి యంత్రం. ఒంటి మీద అటూ ఇటూ తిప్పితే, ఇనుము తగిలిన చోట కీచుమంటుంది. నోర్‌డాల్ జేబుల్లో ఇంత ఇనుముందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. చేపలు కోసే చాకులు, మేకులు, ట్రాక్టర్ నట్లు, పాస్టర్ లుండే కోటులోంచి ఒక ఎలకల బోను. అన్నీ ఒక డబ్బాలో వేసి, తిరుగు ప్రయాణంలో ఇచ్చేసేవాళ్లు.

మొదటి వారమే సెల్మర్ వచ్చాడు, ట్రాక్టర్ కంపెనీ సమావేశానికి పోతూ. వెంట బ్యాంకు మేనేజరు కూడా ఉన్నాడు. కర్ర సెల్మర్ కాళ్ల దగ్గర కీచుమంది.

"బూట్లలో మేకులుంటాయి వెర్నా. బూట్లన్నాక మేకులుండవా?"

"విప్పు."

"నా బాప్తిస్మానికి కేకు చేసింది మీ అమ్మ!"

"అందుకే ఇంత మర్యాదగా అడుగుతున్నా. విప్పు."

గొణుక్కుంటూ విప్పాడు. బూట్లలో మేకులు తప్ప ఏం లేవు. కానీ ఎడమకాలి మేజోడులోంచి బొటనవేలు బయటికి తొంగిచూసింది. బ్యాంకు మేనేజరు మర్యాదగా కిటికీ వైపు తిరిగాడు. సాయంత్రానికల్లా ఆ బొటనవేలి సంగతి ఊరంతా తెలిసిపోయింది. సెల్మర్ భార్య ఇంగ్రిడ్ సిగ్గుతో కొత్త మేజోళ్లు డజను కొనుక్కొచ్చింది.

ఇలా ఫిబ్రవరి గడిచింది. మార్చి మొదట్లో ఒక సాయంత్రం వెర్నా బౌలింగ్ హాలుకి కొత్త మనిషొకాయన వచ్చాడు. వెండెల్ క్రాఫ్ట్ అని పేరు చెప్పాడు. విత్తనాల కంపెనీ పని మీద వచ్చాట్ట. మెత్తటి మాట, బట్టతల, కొంచెం కుంటుతూ నడక. బంతి విసిరిన ప్రతిసారీ పక్క కాలువలోకే పోయేది, అయినా తనను చూసి తనే నవ్వుకునేవాడు. వెర్నాకు అలాంటివాళ్లంటే ఇష్టం. యాపిళ్లు కూరి కాల్చిన తీపి రొట్టె, యాపిల్ 'పై', ఒక ముక్క పెడితే తిని, ఇంకో ముక్క అడిగాడు.

"కాలికేమైంది?" అంది వెర్నా.

"కొరియా యుద్ధం. మోకాల్లో ఇంత ఇనుప ముక్క మిగిలిపోయింది. వానొచ్చేముందు రేడియో కంటే అదే ముందు చెబుతుంది," అని మోకాలు తట్టుకున్నాడు.

వెర్నా భర్త కూడా కొరియా వెళ్లొచ్చినవాడే. ఆ రాత్రి హాలు మూసేదాకా ఇద్దరూ కబుర్లు చెప్పుకున్నారు.

మర్నాడు పొద్దున విమానం దగ్గర వరసలో క్రాఫ్ట్ ఉన్నాడు. టోపీ తీసి పలకరించాడు. కర్ర అతని కాలి దగ్గర కీచుమంది.

"తెలుసు తెలుసు, మీ రేడియో," అంది వెర్నా నవ్వుతూ. "వెళ్లండి, వెళ్లండి. మళ్లీ వస్తే యాపిల్ పై సిద్ధంగా ఉంటుంది."

క్రాఫ్ట్ తలుపు దాకా వెళ్లి ఆగాడు. వెనక్కి వచ్చాడు. ఈసారి కుంటలేదు. బల్ల మీద కాలు పెట్టి ప్యాంటు పైకి లాగాడు. పిక్కకు పట్టీతో కట్టిన చిన్న తుపాకీ ఉంది.

"క్షమించండి, మిసెస్ టోలెఫ్సన్. నేను విమానయాన శాఖ తనిఖీ అధికారిని. ఇది గుళ్లు లేని తుపాకీయే. కానీ గుళ్లున్నా మీరు ఇలాగే పంపించేవారు కదా?"

ఆర్లిస్ చేతిలోని సంచి జారి కింద పడింది. వెర్నాకు ముందు సిగ్గేసింది. ఆ వెంటనే ఒళ్లు మండింది.

"నా యాపిల్ పై తిన్నావ్! రెండు ముక్కలు తిన్నావ్!"

"అబద్ధం చెప్పను, చాలా బావుంది," అన్నాడు క్రాఫ్ట్. నిజంగానే మొహం చిన్నబుచ్చుకుని. "విమానాలెత్తుకుపోయే వాళ్లందరూ మొహం చిట్లించుకుని రారండీ. కొందరు బాగా మాట్లాడతారు. నెలలోపు మళ్లీ పరీక్ష ఉంటుంది. అందులోనూ ఇలాగే అయితే ఇక్కడ ప్రయాణికుల్ని ఎక్కించుకోవడం ఆపెయ్యమని రాయాల్సి వస్తుంది."

ఆ వారం కౌన్సిల్ సమావేశానికి వెర్నా కోటు మడిచి చంకలో పెట్టుకుని వచ్చింది. మేయర్ ముందు పెట్టింది.

"వేరేవాళ్లని చూసుకో క్నూట్. నా వల్ల ఊరికి విమానం లేకుండా పోయేలా ఉంది. ఇంక నువ్వు మొదలుపెట్టు సెల్మర్, ఎన్నాళ్లనుంచో ఎదురు చూస్తున్నావుగా."

సెల్మర్ లేచాడు. అతను కాసేపు టోపీని చేతుల్లో అటూ ఇటూ తిప్పాడు.

"నేను ఓటు వెయ్యలేదు. ఆ మాట మర్చిపోకండి. కానీ ఈవిడ బ్యాంకు మేనేజరు ముందు నా బూట్లు విప్పించింది. నా బొటనవేలు చూడనివాడు ఈ ఊళ్లో లేడు. ఈ గదిలో ఇంకెవరికైనా ఆ ధైర్యం ఉందా? నీకుందా క్నూట్?"

"నాకెక్కడిదయ్యా," అన్నాడు మేయర్.

"అదీ! అంటే ఈవిడకి భయం లేదు. నచ్చనివాణ్ణి ఎక్కడికక్కడ ఆపేస్తుంది. నచ్చినవాణ్ణే ఆపలేదు. అంతే రోగం. దానికి మందు, నచ్చినవాళ్లని ఆపడం నేర్చుకోవడం. మరి ఈవిడకి నచ్చినవాళ్లు ఎవరు? నేను తప్ప ఊరంతా! కాబట్టి ఊరంతా వెళ్లి వరసలో నిలబడదాం. ఎవరికి తోచింది వాళ్లు దాచుకుని రావాలి. దొరక్కుండా దాటినవాడికి..." అని ఆగి వెర్నా వైపు చూశాడు.

వెర్నా మేయర్ ముందున్న కోటు చేతిలోకి తీసుకుంది.

"దాటినవాళ్లకి బౌలింగ్ ఒక ఆట ఊరికే," అంది. "దొరికినవాళ్లు తలా ఒక వంటకం తేవాలి."

"ఉఫ్ దా, ఓరి దేవుడా! వంట నాకు రాదే," అన్నాడు మేయర్.

"అయితే దొరక్కు," అంది వెర్నా, కోటు మళ్లీ తొడుక్కుంటూ.

ఈసారి చేతులెత్తమనకుండానే అన్ని చేతులూ లేచాయి.

ఆదివారం పాస్టర్ లుండే ప్రసంగాన్ని ఎన్నడూ లేనంత పొట్టిగా ముగించాడు. ప్రార్థన అవగానే చర్చి ముందునుంచి కార్లన్నీ విమానాశ్రయం దారి పట్టాయి. రేకుల షెడ్డు నిండిపోయి వరస బయట మంచులోకి సాగింది. అంతమంది మొహాల్లోనూ ఒకటే దొంగనవ్వు.

మొదట్లో వెర్నా బాగానే పట్టింది. టోపీల కింద చెంచాలు, బ్రెడ్ మధ్యలో పానా, చంటిపిల్ల గుడ్డల్లో సుత్తి. మేయర్ నోరు తెరవడం లేదని అనుమానించి తెరిపిస్తే, బుగ్గలో పళ్ల ఆసుపత్రి సూది ఒకటి దొరికింది. "ఇక వంట నేర్చుకో," అని పక్కన నిలబెట్టింది.

కానీ ఇష్టమైన మనిషి ఎదురైనప్పుడల్లా ఆమె చెయ్యి మెత్తబడేది. ఆర్లిస్ తల్లి కబుర్లలో పెట్టి కత్తెర దాటించేసింది. పాస్టర్ తన భార్య జబ్బు సంగతి ఎత్తి, వెర్నా కళ్లు చెమర్చేలోపు బైబిల్లో దాచిన చాకుతో అవతలికి వెళ్లిపోయాడు.

"ఆవిడకి జబ్బేం లేదు, ఇదుగో నీ వెనకే ఉంది!" అని అరిచాడు సెల్మర్. "పాస్టర్లు కూడా అబద్ధాలాడితే ఎలాగయ్యా?"

"ఇవాళ్టికి దేవుడు పరవాలేదన్నాడు," అన్నాడు పాస్టర్.

అప్పుడొచ్చింది చక్రాల కుర్చీలో గుడ్రున్. ఊరంతా ఆమెను బెస్తెమోర్ అంటారు, నాన్నమ్మా అని. తొంభైకి దగ్గర్లో ఉంది. నార్వే నుంచి ఓడలో వచ్చినవాళ్లలో ఊళ్లో మిగిలింది ఆమె ఒక్కతే. ఒళ్లో దుప్పటి, కళ్లు సగం మూతలు. కర్ర పెడితే కీచుమంది. కుర్చీ ఇనుపదే కదా.

"చలిగా ఉందా బెస్తెమోర్? ఈ గోలలోకి మిమ్మల్నెందుకు తెచ్చారు?" అంటూ వెర్నా దుప్పటి సరిగ్గా కప్పి ముందుకు తోసింది.

తలుపు దాటిందో లేదో, బెస్తెమోర్ దుప్పటి కిందనుంచి మాంసం కొట్టే కత్తి తీసి గాల్లో ఊపింది.

"ఒరేయ్ పైలట్! విమానం నార్వేకి తిప్పు! మా చెల్లెల్ని చూసి యాభై ఏళ్లయింది!"

షెడ్డు రేకులు ఎగిరిపోయేంత నవ్వారు జనం. వెర్నా బల్లకు ఆనుకుని కళ్లల్లోంచి నీళ్లు కారేదాకా నవ్వింది. నవ్వు ఆగాక బెస్తెమోర్ దగ్గరికెళ్లి కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూర్చుంది.

"మిమ్మల్ని వెతకాలంటే నాకు చెయ్యెలా వస్తుంది బెస్తెమోర్? అనుమానించినట్టు ఉండదూ?"

"అనుమానించమని ఎవరన్నారే పిచ్చిదానా," అంది ముసలామె కత్తి దుప్పటికి తుడుస్తూ. "మా ఇంటికొస్తే బూట్లు బయట విప్పమంటాను. పాస్టరైనా, పందుల్ని మేపేవాడైనా. నీ బూట్లకి పేడ అంటిందా అని ఎవర్నైనా అడుగుతానా? అడగను. అందరూ విప్పుతారు, అంతే. నువ్వు కూడా ఇక్కడికి అందర్నీ నీ ఇంటికొచ్చినట్టే అనుకో."

వెర్నా లేచి నిలబడింది. "దాటినవాళ్లందరూ మళ్లీ వరసలోకి రండి!" అని అరిచింది. ఆ గొంతుకు బయట మంచులో ఉన్నవాళ్లు కూడా సర్దుకుని నిలబడ్డారు.

రెండోసారి ఆమె ఎవరినీ అనుమానించలేదు. పలకరించింది, చలోక్తులు వేసింది, పిల్లల్ని ముద్దాడింది. ముద్దాడుతూనే సంచి విప్పించింది. కర్ర కీచుమంటే ఎందుకు కీచుమందో చెప్పనిచ్చింది, చెప్పాక చూపించమంది. పాస్టర్ ఈసారి తన నడుం నొప్పి గురించి చెబితే, "అయ్యో పాపం, కోటు నేనే విప్పుతా ఆగండి," అంది. సాయంత్రానికి విమానాశ్రయం బల్ల మీద ఊరి వంటకాలన్నీ ఉన్నాయి, ఒక్క మేయర్‌ది తప్ప. ఆయన డబ్బా సూపు తెచ్చాడు.

ఆ తర్వాత ఊళ్లోవాళ్లకు కొత్త ఆట మొదలైంది. కొత్త మొహం కనిపిస్తే చాలు, వెర్నాకు ఫోను చేసేవాళ్లు. "హోటల్లో గళ్ల కోటాయన దిగాడు, చూపు అదోలా ఉంది." వెర్నా విసుక్కునేది. "నాకు చెప్పకండి. గళ్ల కోటైనా చారల కోటైనా నేను వెతికేది ఒకటే వెతుకుడు."

ఒక పొద్దున ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిన అమ్మాయి ఒకతె వచ్చింది. తల్లికి బాగాలేదని కబురొచ్చింది. విమానం ఇంజన్లు అప్పటికే మోగుతున్నాయి. వెర్నా గుండె కరిగింది. అయినా అమ్మాయి భుజం మీద చెయ్యేసి, పక్కకు కూర్చోబెట్టి, సంచి మొత్తం వెతికింది. ఏమీ లేదు. "నన్ను తిట్టుకోకమ్మా," అంటూ తనే సంచి మోసుకుని మెట్ల దాకా పరిగెత్తింది, పైలట్‌కి ఆగమని చెయ్యి ఊపుతూ. అమ్మాయి మెట్ల మీద వెనక్కి తిరిగి ఆమెను కౌగిలించుకుని లోపలికి వెళ్లింది. వెర్నా తిరిగొచ్చి ఆర్లిస్‌తో, "ఈ పిల్ల ఆ క్రాఫ్ట్ పంపిన మనిషి కాదు కదా?" అంది. "ఆ ఏడుపు దొంగ ఏడుపైతే నేను మతం మార్చుకుంటా," అంది ఆర్లిస్.

ఏప్రిల్ దగ్గరపడుతుండగా సెల్మర్ మళ్లీ మినియాపోలిస్ ప్రయాణం పెట్టుకున్నాడు. చిన్న చేతి సంచి, గుండ్రటి రేకు డబ్బా. వరసలో నిలబడి ఎవరితోనూ మాట్లాడడం లేదు. తన వంతు రాగానే అడక్కుండానే బూట్లు విప్పి బల్ల మీద పెట్టాడు. మేజోళ్లు కొత్తవి.

"ఒంట్లో బాగాలేదా సెల్మర్?" అంది వెర్నా.

"బాగానే ఉంది."

"తిట్టవేం మరి?"

"తిట్టబుద్ధి కావట్లేదు."

ఆర్లిస్ చేతి సంచి చూసేసింది. వెర్నా కర్ర ఒళ్లంతా తిప్పింది. ఏం లేదు. డబ్బా మీద పెట్టగానే కీచుమంది.

"రేకు డబ్బా కదా," అన్నాడు సెల్మర్ పైకప్పు వంక చూస్తూ. "ఇంగ్రిడ్ లెఫ్సెలు చేసింది. మా తమ్ముడికి."

ఇంగ్రిడ్ చేసే బంగాళాదుంపల లెఫ్సె రొట్టెల గురించి జిల్లా అంతా తెలుసు. ఆ డబ్బా కూడా వెర్నా ఎరిగినదే, ప్రతి క్రిస్మస్‌కీ తన ఇంటికీ వస్తుంది. వెనక నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. ఇంజను మొదలైంది.

"లెఫ్సెలా! వాసన చూస్తేనే ప్రాణం లేచొచ్చేలా ఉంది. మూత తియ్యి," అంది వెర్నా.

"ఆరిపోతాయి."

"ఆరనీ. తియ్యి."

మూత తీశాడు. పల్చటి మెత్తటి రొట్టెలు, తెల్లటి తుండుగుడ్డలో దొంతరగా పేర్చి ఉన్నాయి. వెర్నా చేతులు కడుక్కొచ్చి ఒక్కొక్కటే పైకెత్తింది. ఇంగ్రిడ్ పెనం వేసిన గోధుమరంగు మచ్చలు కనిపిస్తున్నాయి. సగం దాకా వచ్చేసరికి కింది రొట్టెలు మధ్యలో గుంటగా కోసి ఉన్నాయి. ఆ గుంటలో, పిండి అంటుకుని, ఒక చిన్న తుపాకీ.

ఆర్లిస్ కెవ్వుమంది. వెర్నా చెయ్యి తన నడుం దగ్గరి తుపాకీ మీదికి వెళ్లింది. "సెల్మర్ హౌగెన్, చేతులు బల్ల మీద పెట్టు. కదలకు," అంది.

సెల్మర్ చేతులు బల్ల మీద పెట్టాడు. పెట్టి, చెవుల దాకా నవ్వాడు. ఆ మొహంలో అంత సంతోషం వెర్నా తన జన్మలో చూడలేదు.

"దొరికిపోయా! దేవుడి దయ, దొరికిపోయా!" అని అరిచాడు. "క్రాఫ్టూ, బయటికి రావయ్యా, అయిపోయింది!"

తెల్లారకముందే వచ్చి దాక్కున్న వెనక గదిలోంచి క్రాఫ్ట్ బయటికొచ్చాడు. ఈ ఊళ్లో కొత్త మొహమేదైనా అరగంటలో బయటపడిపోతుందని, అందుకే ఊరి మనిషినే పట్టుకున్నానని చెప్పాడు. వెర్నా అస్సలు అనుమానించదనిపించే మనిషి ఎవరని వాకబు చేస్తే, ఆమెతో పోట్లాడని మనిషే ఊళ్లో లేడని, అందరికంటే ఎక్కువ పోట్లాడేది సెల్మరేనని తెలిసిందట. అయినా అతన్నే ఎంచుకున్నాడు. ఎందుకంటే సెల్మర్ మాట ఇస్తే ఎవరికీ చెప్పడని కూడా అందరూ చెప్పారట.

"మూడు రోజుల్నుంచి నిద్ర లేదు నాకు," అన్నాడు సెల్మర్ బూట్లు వేసుకుంటూ. "చెబితే మాట తప్పినట్టు. చెప్పకపోతే విమానం పోతుందేమోనని భయం. రొట్టెలు కోస్తుంటే ఇంగ్రిడ్ ఏడ్చింది తెలుసా? తుపాకీ చూసి కాదు, రొట్టెలు పాడైనందుకు. నువ్వు మూత తియ్యమనే దాకా నా ప్రాణం నాలో లేదు."

"నిజంగానే నీ చేతులు కట్టేసేదాన్ని," అంది వెర్నా. బల్ల చివర కూర్చుంది.

"కట్టేసి ఉంటే ఇంకా సంతోషించేవాణ్ణి."

వెర్నా అతన్ని చూసింది. లేచి, బల్ల మీదుగా వంగి, ఆ ఎర్రటి మెడ చుట్టూ చెయ్యి వేసి గట్టిగా కౌగిలించుకుంది. వరసలో ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. సెల్మర్ ఏం చెయ్యాలో తెలియక టోపీ పెట్టుకున్నాడు, తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు.

పైన కోయకుండా ఉన్న రొట్టెలు మిగిలాయి. ఆర్లిస్ వెన్నా చక్కెరా తెచ్చింది. క్రాఫ్ట్ తీసుకోవడానికి మొహమాటపడితే వెర్నాయే ఒకటి చుట్టి చేతిలో పెట్టింది. "తిను. ఈసారి నువ్వు నిజంగా ఎవరో తెలిసే పెడుతున్నా." పైలట్ కూడా దిగివచ్చి ఒకటి తీసుకున్నాడు. ఆ రోజు విమానం ఆలస్యంగా బయల్దేరింది, ఎవరూ విసుక్కోలేదు.

ఏప్రిల్ కౌన్సిల్ సమావేశంలో క్రాఫ్ట్ రాసి పంపిన మెప్పు ఉత్తరాన్ని మేయర్ గట్టిగా చదివాడు. విమానాశ్రయానికి ఇంకో పోలీసును కూడా ఇవ్వాలని, వెర్నాకు వారానికి రెండు రోజులైనా తన హాలు చూసుకునే వీలుండాలని ప్రతిపాదన వచ్చింది. ప్రతిపాదించింది సెల్మరే. బలపరిచింది వెర్నా. వాళ్లిద్దరూ ఒకే పక్క చేతులెత్తడం చూసి మేయర్ సభను కాసేపు ఆపేసి మంచినీళ్లు తాగాడు.

తర్వాతి విషయం విమానాశ్రయంలో ప్రయాణికులకు కాఫీ పెట్టడం. పురపాలక సంఘమే ఊరికే పొయ్యాలంది వెర్నా. చలిలో బూట్లు విప్పించి నిలబెడుతున్నాం కదా, ఆమాత్రం మర్యాద చెయ్యొద్దా అంది.

"ఊరికేనా?" అంటూ లేచాడు సెల్మర్, మెడ ఎర్రబడుతుండగా. "ఆర్లిస్ కాఫీ నువ్వెప్పుడైనా తాగావా? అది పోసిన మర్నాడే జనం విమానం మానేసి రైలెక్కుతారు!"

"మన ఊళ్లో రైలెక్కడుందయ్యా?" అంది వెర్నా, అతనికంటే గట్టిగా.

కిటికీ పక్కన కూర్చున్నవాళ్లు కుర్చీలు సర్దుకుని స్థిమితంగా కూర్చున్నారు. ఇది తొందరగా తేలేది కాదని వాళ్లకు తెలుసు.